వీడియోలు చాలు, తప్పు చూపించే మనిషిని పెట్టండి

మొన్న నేను ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే కాలేజీకి ఒక ఎడ్‌టెక్ కంపెనీ వాళ్లు వచ్చి డెమో ఇచ్చారు. మధ్యాహ్నం క్లాసులు వదిలేసి సెమినార్ హాలుకి రమ్మని సర్క్యులర్ వస్తే వెళ్లాం. ఏఐ ట్యూటర్, విద్యార్థి స్థాయిని బట్టి మారే క్విజ్‌లు, రంగురంగుల డ్యాష్‌బోర్డ్. వచ్చినాయన చక్కగా మాట్లాడాడు, సరుకు కూడా మరీ తీసిపారేసేదేం కాదు. ప్రశ్నలేమైనా ఉంటే అడగమంటే మా డిపార్ట్‌మెంట్ సీనియర్ మేడం ఒకావిడ లేచి, "మా సెక్షన్‌లో 66 మంది ఉన్నారండీ. అందులో 40 మందికి ఈ చాప్టర్ రాలేదని మీ డ్యాష్‌బోర్డ్ ఎర్రగా చూపించిందనుకోండి. ఆ 40 మందితో ఎవరు కూర్చోవాలి?" అని అడిగారు. "అది మీ లెవెల్లో చూసుకోవాలి మేడం, మేం డేటా ఇస్తాం" అన్నాడాయన. హాలంతా నవ్వారు, టీ తాగి వచ్చేశాం.

నవ్వి వదిలేయాల్సిన ప్రశ్న కాదది. యూనివర్సిటీల్లో టెక్నాలజీ గురించి వెబినార్లలో ఎంత మాట్లాడుకున్నా బండి చివరికి ఆ మేడం అడిగిన చోటే ఆగుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాఠాన్ని విద్యార్థి దగ్గరికి చేర్చే పని టెక్నాలజీ ఎప్పుడో పూర్తి చేసేసింది, ఇంకా దాని మీద పెట్టే డబ్బు చాలావరకు దండగ. విద్యార్థి తప్పు చేసినప్పుడు దాన్ని ఎవరో ఒకరు చూసి, ఏ లైన్ దగ్గర లెక్క పక్కదారి పట్టిందో చూపించే పని మాత్రం అలాగే మిగిలిపోయింది. డబ్బూ టైమూ ఈ పని మీద పెట్టిన కాలేజీల్లో చదువు బాగుపడుతుంది. మిగతా చోట్ల స్మార్ట్ బోర్డులు కొంటారు.

పాఠాల కరువు ఎప్పుడో తీరింది

నేను చదువుకునేటప్పుడు నెట్‌వర్క్స్ సబ్జెక్టు, అంటే సర్క్యూట్ల లెక్కలు, అర్థం కాకపోతే సీనియర్ల నోట్సు జిరాక్సు తీయించుకోవాలి, లేదంటే పరీక్షల ముందు ఆల్ ఇన్ వన్ కొనుక్కోవాలి. మంచి పుస్తకం లైబ్రరీలో రిఫరెన్స్ సెక్షన్‌లో ఉండేది, ఇంటికి ఇచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు అదే సబ్జెక్టుకి ఐఐటీ ప్రొఫెసర్ల పూర్తి కోర్సులు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ మొదలుపెట్టింది 2003లో. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది 2017లో. అంతకు చాలా ముందు, 1984లోనే, యూజీసీ వాళ్ల పాఠాలు దూరదర్శన్‌లో వచ్చేవి. 2004లో మన శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది, చదువుల కోసమే ఒక ఉపగ్రహం. ప్రతిసారీ వినిపించిన మాట ఒకటే: మంచి టీచర్ పాఠం మారుమూల ఊరికి కూడా చేరుతుంది. నిజంగానే చేరింది. మరి మారుమూల కాలేజీ పిల్లలకి సబ్జెక్టు వచ్చిందా అంటే, నేను దిద్దే పేపర్లు చూస్తే అలా అనిపించదు.

ఎన్‌పీటెల్ పాఠాల మీద నాకు చాలా గౌరవం. కొత్త సబ్జెక్టు నా నెత్తిన పడినప్పుడల్లా వాటినే చూసి తయారవుతాను, ఇలా చేసే లెక్చరర్లు ప్రతి కాలేజీలోనూ ఉంటారు, పైకి చెప్పరంతే. నేను చెప్పేది అవి కాలేజీల్లో వాడుకలోకి వచ్చిన తీరు గురించి. 12 వారాల కోర్సు, ప్రతి వారం ఒక అసైన్‌మెంట్. అసైన్‌మెంట్లకి 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75. ఎన్‌పీటెల్ శాఖ (లోకల్ చాప్టర్) పెట్టుకున్న కాలేజీలో ఒక లెక్చరర్‌ని మెంటర్‌గా వేస్తారు. మెంటర్ పని ఏమిటి? గడువు రోజున వాట్సాప్ గ్రూపులో "ఇంకా సబ్‌మిట్ చేయనివాళ్లు వెంటనే చేయండి" అని మెసేజ్ పెట్టడం. ఆ వారం జవాబులు అప్పటికే ఆన్‌లైన్‌లో ఎక్కడో తిరుగుతుంటాయి. పిల్లలు వాటిని చూసి నొక్కేస్తారు. వీడియో తెరిచిన వాడు క్లాసులో ఒకడో ఇద్దరో. వాళ్లు అది లేకపోయినా చదువుకునే రకమే.

ఇందులో ఎన్‌పీటెల్ వాళ్ల తప్పేమీ నాకు కనబడదు. వాళ్లకి సంగతి తెలుసు కాబట్టే ముప్పావు వంతు మార్కులు ఎదురుగా కూర్చోబెట్టి రాయించే పరీక్షకి పెట్టుకున్నారు. మనం మాత్రం సర్టిఫికెట్ల సంఖ్య, కాలేజీలకి గ్రేడ్లు ఇచ్చే న్యాక్ రిపోర్టులో ఒక గడిలో వేసుకుని తృప్తి పడుతున్నాం. 2021 నిబంధనల్లో సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసుకోవచ్చని యూజీసీ అనుమతి ఇచ్చింది. మంచి ఉద్దేశంతోనే ఇచ్చి ఉంటుంది. కానీ లెక్చరర్‌ని తీసుకునే ఖర్చు ఎలా తగ్గించుకోవాలా అని చూసే యాజమాన్యానికి ఆ 40 అంకె ఎలా కనబడుతుందో ఊహించడం కష్టం కాదు.

మంగోలియా కుర్రాడు చెప్పని సగం కథ

2012లో ఎంఐటీ వాళ్లు సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్ కోర్సుని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. నేను చెప్పే సబ్జెక్టే కాబట్టి ఆ కబుర్లన్నీ ఆసక్తిగా చదివాను. దాదాపు లక్షా 55 వేల మంది పేర్లు నమోదు చేసుకుంటే 7,157 మంది పాసయ్యారు. నూటికి ఐదుగురు కూడా లేరు. సరదాగా పేరు ఇచ్చినవాళ్లని కూడా లెక్కలో కలిపితే అలాగే ఉంటుందని దాన్ని సమర్థించినవాళ్లు అన్నారు, అది న్యాయమైన మాటే. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఇంకోటి. ఆ కోర్సులో నూటికి నూరు తెచ్చుకున్న ఉలాన్‌బాతర్ కుర్రాడు, 15 ఏళ్ల వాడు, తర్వాత ఎంఐటీలోనే సీటు తెచ్చుకున్నాడు. ఇంటర్నెట్ ఉంటే చాలు అనడానికి వాడిని అందరూ ఉదాహరణగా చూపించారు. అయితే వాడి స్కూల్ ప్రిన్సిపాల్ స్వయానా ఎంఐటీలో చదివినాయన. ఆయన పిలిస్తే స్టాన్‌ఫర్డ్ విద్యార్థి ఒకతను ల్యాబ్ సామాను మోసుకుని మంగోలియా వెళ్లి, ఆ పిల్లలతో కూర్చుని ప్రయోగాలు చేయించాడు. కథలో ఈ సగం చాలాచోట్ల ఎగిరిపోయింది.

మన దగ్గర ఈ సంగతి చాలా ముందే గ్రహించినవాళ్లున్నారు. 1982లో హైదరాబాద్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, దేశంలోనే మొదటిది. దాని తొలి వైస్ చాన్సలర్ జి. రామిరెడ్డి గారే తర్వాత ఇగ్నో మొదలైనప్పుడు దానికీ తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. అప్పట్లో టెక్నాలజీ అంటే అచ్చు పుస్తకం, రేడియో పాఠం. ఆ పుస్తకాలు ఎంత బాగుంటాయంటే ఆ యూనివర్సిటీలో చేరనివాళ్లు కూడా గ్రూప్స్ పరీక్షలకి వాటిని వెతుక్కుని చదువుతారు. అయినా పుస్తకం చేతికిచ్చి ఊరుకోలేదు, స్టడీ సెంటర్లు పెట్టి సెలవు రోజుల్లో క్లాసులు నడిపారు. మా ఊళ్లో ఆర్టీసీ కండక్టర్ ఒకాయన ఆ ఆదివారం క్లాసుల వల్లే డిగ్రీ పాసయ్యానని ఇప్పటికీ చెబుతాడు. ఎకనామిక్స్ పుస్తకం రెండుసార్లు చదివినా గ్రాఫులు అర్థం కాలేదట. సెంటర్‌లో లెక్చరర్ చాక్‌పీస్ ఆయన చేతికే ఇచ్చి బోర్డు మీద గీయించి, తప్పు గీస్తే చెరిపించి మళ్లీ గీయించాడట.

బాసర, నూజివీడు, ఇడుపులపాయ

తెలుగువాళ్లు ఈ విషయంలో చేసిన పెద్ద ప్రయోగం 2008లో ఈ మూడు చోట్లా క్యాంపస్‌లతో పెట్టిన ఆర్‌జీయూకేటీ. అందరం ట్రిపుల్ ఐటీలు అంటాం. పదో తరగతి అవగానే పల్లెటూరి పిల్లల్ని తీసుకుని ఆరేళ్లు చదివించి ఇంజనీర్లుగా పంపాలన్నది ఆలోచన. సర్కారు బడిలో చదివిన వాళ్లకి 0.4 పాయింట్లు కలిపి మరీ సీట్లు ఇచ్చారు. తొలి చాన్సలర్ కృత్రిమ మేధలో ట్యూరింగ్ అవార్డు తీసుకున్న రాజ్ రెడ్డి గారు. ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్, క్లాసులో వీడియో పాఠం, పక్కన మెంటర్. జూమ్ అనే మాట మన చెవిన పడటానికి పన్నెండేళ్ల ముందు సంగతి ఇది.

మా పిన్ని కొడుకు నూజివీడులో చదివాడు. వీడియో పాఠాల గురించి అడిగితే వాడు పెద్దగా ఏమీ చెప్పడు, మెంటర్ల గురించి అడిగితే మాత్రం ఆగడు. ఇంగ్లిష్ పాఠం వేగానికి బిత్తరపోయిన పిల్లల్ని సాయంత్రం కూర్చోబెట్టుకుని తెలుగులో విడమర్చి చెప్పింది వాళ్లే. వయసులో పెద్ద తేడా ఉండేది కాదు, "అన్నా ఇది రాలేదు" అని నిస్సంకోచంగా అడిగేవాళ్లట. ఆ ప్రయోగంలో నిలబడింది ఏదైనా ఉంటే అదేనని నా నమ్మకం. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండకీ వానకీ ఓర్చి క్యాంపస్‌లో బైఠాయించినప్పుడు వాళ్ల డిమాండ్లలో ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి, అధ్యాపకుల నియామకాలూ ఉన్నాయి. ఒకటి ఇచ్చి రెండోదాన్ని మరిపించవచ్చని ఆ పిల్లలెవరూ అనుకోలేదు. పెద్దవాళ్లే అలా అనుకుంటారు.

సిమ్యులేషన్‌లో వైరు ఊడదు

లాక్‌డౌన్‌లో ల్యాబులన్నీ సిమ్యులేషన్‌లో చేయించాం. వేరే దారి లేదు. పిల్లలు పంపిన స్క్రీన్‌షాట్లలో తరంగాలు ముత్యాల్లా ఉన్నాయి. కాలేజీలు తెరిచాక అదే బ్యాచ్ ల్యాబులో బ్రెడ్‌బోర్డు ముందు నిలబడితే, సర్క్యూట్ అంతా సరిగ్గా పెట్టి గ్రౌండ్లు కలపడం మర్చిపోయి, తరంగాలు చూపించే సీఆర్‌ఓ తెర మీద గీత వణుకుతుంటే "సాఫ్ట్‌వేర్‌లో వచ్చిందండీ" అని నా మొహం చూశారు. సిమ్యులేషన్‌లో వైరు ఊడదు, పిన్ను విరగదు, కాలిపోయిన ఐసీ వాసన రాదు. ఎక్కడ పోయిందో వెతుక్కోవడమే ఎలక్ట్రానిక్స్‌లో సగం చదువు.

అలాగని సిమ్యులేషన్ వద్దనే ఛాందసం నాకు లేదు. ఇప్పుడు ల్యాబుకి ముందు రోజు ప్రతి ప్రయోగమూ సాఫ్ట్‌వేర్‌లో చేసుకుని రమ్మంటున్నాను. రావాల్సిన తరంగం ఎలా ఉండాలో ముందే తెలుసు కాబట్టి ల్యాబులో వచ్చినదాన్ని చూసి "ఇది తేడాగా ఉంది" అని వాళ్లంతట వాళ్లే పట్టుకుంటున్నారు. రెసిస్టర్లు, ఐసీలు కాల్చడం కూడా తగ్గింది, స్టోర్స్ ఆయన సంతోషంగా ఉన్నాడు. కేంద్ర ప్రభుత్వం డబ్బుతో ఐఐటీలు, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కలిసి చేసిన వర్చువల్ ల్యాబ్స్ ఇందుకు చాలా బాగా పనికొస్తాయి. ల్యాబుకి ముందు మెట్టుగా వాడితే లాభం, ల్యాబు మూసేయడానికి వాడితే నష్టం. ఈ విషయం ఇంతకన్నా సాగదీయక్కర్లేదు.

మరి చాట్‌జీపీటీ ఉంది కదా అంటారు

నా వాదనకి అసలైన ఎదురు ఇక్కడే ఉంది. తప్పు చూపించే మనిషి కావాలంటున్నావు సరే, ఆ మనిషి పని యంత్రమే చేస్తుంటే? 2022 నవంబర్ ఆఖరున చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను ఇబ్బంది పెడుతూనే ఉంది, ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

మా సెకండియర్‌లో ఒకమ్మాయి ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చింది, క్లాసులో నోరు విప్పదు, పేరు పిలిస్తే లేచి నిలబడి నేల చూస్తుంది. ఒకరోజు తన ఫోన్ చూపించింది. రాత్రి పదకొండింటికి, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తూ, థెవెనిన్ సిద్ధాంతంలో వోల్టేజ్ సోర్స్‌ని ఎందుకు షార్ట్ చేస్తారు అని అడిగింది. జవాబు అర్థం కాలేదంది. ఇంకా తేలిగ్గా చెప్పమంది. మళ్లీ అడిగింది. అది విసుక్కోకుండా నాలుగు రకాలుగా చెప్పింది. నలుగురి ముందు ఆ ప్రశ్న నన్ను ఆ అమ్మాయి జన్మలో అడగదు. అడిగినా నాలుగోసారి చెప్పే ఓపిక నాకుండేదో లేదో. ఇది చూశాక ఏఐ వల్ల చదువు నాశనం అని ఉపన్యాసం ఇవ్వడానికి నాకు నోరు రాదు.

కానీ అదే సంభాషణలో కింద ఇంకో లెక్క ఉంది. డిపెండెంట్ సోర్స్, అంటే సర్క్యూట్‌లో ఇంకోచోటి వోల్టేజ్ మీదో కరెంటు మీదో ఆధారపడే సోర్స్, ఉన్న సర్క్యూట్. దాన్ని కూడా షార్ట్ చేసేసి, ధీమాగా తప్పు జవాబు ఇచ్చింది యంత్రం. అలా షార్ట్ చేయకూడదు. అమ్మాయి దాన్ని నోట్సులో నీటుగా ఎక్కించుకుంది. ఈ తప్పు రేపటి వెర్షన్‌లో రాకపోవచ్చు, కాబట్టి దీని మీదే నా వాదన కట్టను. నాకు అసలు బెంగ వేరే ఉంది. ఆ అమ్మాయి అడగగలిగింది, ఎందుకంటే తనకి ఏది తెలియదో తనకి తెలుసు. ఆ 40 మందిలో ఎక్కువమందికి అదే తెలియదు. వాళ్లు ఫోన్‌కి ప్రశ్న మొత్తం ఇచ్చి జవాబు మొత్తం దించుకుంటారు, ఎక్కడా ఆగరు. ఆగేలా చేయాలంటే ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని "ఈ రెండో లైన్ ఎలా వచ్చింది?" అని అడగాలి. యంత్రం కూడా అలా అడగగలదు, కాదనను. కానీ విండో మూసేయడానికి ఒక్క నొక్కు చాలు. ఎదురుగా మనిషి కూర్చుంటే అంత సులువుగా లేచి పోలేరు, మొహమాటం ఉంటుంది. ఆ మొహమాటం చదువులో చాలా పని చేస్తుందని నా అనుభవం.

ఇంటికిచ్చే అసైన్‌మెంట్ మాత్రం చచ్చిపోయింది, దాని గురించి ఏడవడం కూడా అనవసరం. మన దగ్గర అది బతికి ఉన్నదెప్పుడు? రికార్డులు ఒకడు రాస్తే పదిమంది చూసి రాసేవాళ్లు, మనమూ రాశాం.

గంటలు ఎక్కడి నుంచి తేవాలి

అందుకే ఇంటర్నల్ మార్కుల్లో కొంత భాగం నోటితో అడిగే వైవాకి మార్చాలంటాను, ల్యాబుకే కాదు, థియరీకి కూడా. మనిషికి పది నిమిషాలు. 66 మందికి 660 నిమిషాలు, అంటే 11 గంటలు, ఒక్క సెక్షన్‌కి ఒక్కసారికి. రెండు సెక్షన్లు చెప్పేవాళ్లు సెమిస్టర్‌కి రెండుసార్లు చేస్తే 44 గంటలు. వారానికి 16 గంటల క్లాసులు ఉన్న లెక్చరర్‌కి ఇది ఎక్కడ పట్టుతుంది?

ఇదిగో, టెక్నాలజీ పని చేయాల్సింది ఇక్కడ. హాజరు రిజిస్టర్‌లో వేసి, మళ్లీ కాలేజీ సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీలో వేసి, అదే మళ్లీ ఎక్సెల్‌లో వేసి హెచ్‌ఓడీకి మెయిల్ చేయడం మాకు అలవాటైపోయింది. మిడ్ మార్కులు ప్రశ్నలవారీగా ఎక్కించి, ఏ ప్రశ్న ఏ కోర్స్ అవుట్‌కమ్ (ఆ కోర్సులో పిల్లలు నేర్చుకోవాల్సిన అంశం) కిందికి వస్తుందో మ్యాప్ చేసి, ఆ పట్టికలు ప్రింటు తీసి కోర్స్ ఫైలులో పెట్టాలి. న్యాక్, ఎన్‌బీఏ లాంటి గుర్తింపు సంస్థల తనిఖీ వచ్చే ఏడాది చెప్పనే అక్కర్లేదు, పాఠం చెప్పడం పార్ట్ టైమ్ అయిపోతుంది. కంప్యూటర్ వచ్చాక గుమాస్తా పని తగ్గాలి. మా విషయంలో అదంతా మా నెత్తికి బదిలీ అయింది. డెమో ఇచ్చినాయన ఏఐతో పాఠం చెప్పిస్తాననే బదులు ఈ కోర్స్ ఫైలు దానంతటదే తయారయ్యేలా చేస్తానని ఉంటే నేనే లేచి చప్పట్లు కొట్టేదాన్ని.

ఇలా పని పంచుకున్న చోటు ఒకటుంది. జార్జియా టెక్ 2014లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ ఫీజు మొత్తం కలిపి 7 వేల డాలర్ల లోపు పెట్టారు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ అది చదివిన మనవాళ్లు ప్రతి ఊరికీ కొందరుంటారు. 2016లో అక్కడి ప్రొఫెసర్ అశోక్ గోయెల్ తన కోర్సు చర్చావేదికలో జిల్ వాట్సన్ అనే ప్రోగ్రామ్‌ని టీచింగ్ అసిస్టెంట్‌గా పెట్టారు. గడువు ఎప్పుడు, ఫైలు ఏ ఫార్మాట్‌లో పంపాలి లాంటి పదేపదే వచ్చే ప్రశ్నలకి అది జవాబిచ్చేది. మనుషులైన టీఏలని తీసేయలేదు. అక్కడ చదివిన మా పాత విద్యార్థి ఒకడిని అడిగితే, వీడియోలు అందరికీ దొరుకుతాయి మేడం, నేను ఫీజు కట్టింది నా కోడ్ చదివి కామెంట్ రాసే టీఏకి అన్నాడు.

ఇంకో చిక్కుంది, అది పిల్లల వైపు నుంచి వస్తుంది. వీడియో ఇంట్లో చూసి రమ్మని క్లాసులో లెక్కలు చేయిస్తే ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో "మేడం పాఠం చెప్పడం లేదు" అని రాస్తారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. క్లాసులో తామే కష్టపడి లెక్కలు చేసిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ నున్నగా సాగిన లెక్చర్ విన్నవాళ్లకే తాము ఎక్కువ నేర్చుకున్నామనిపించిందట. హార్వర్డ్ పిల్లలే అలా అనుకుంటే మనవాళ్లని అనడానికేముంది. ఫీడ్‌బ్యాక్ మీద ఇంక్రిమెంట్ ఆధారపడ్డ లెక్చరర్ ఈ సాహసం ఎందుకు చేస్తుంది చెప్పండి?

అయినా ఇంతమందితో లెక్చరర్ ఒక్కరే కూర్చోలేరు, తోడుగా ట్యూటర్లు కావాలి. వాళ్లని ఎక్కడి నుంచి తెస్తారని అడుగుతారు. ఎంటెక్ పిల్లలున్నారు, గేట్‌కి చదువుతూ ఊళ్లోనే ఉండిపోయిన పాస్ అవుట్లు ఉన్నారు, ఆ సబ్జెక్టులో మంచి గ్రేడ్ వచ్చిన ఫైనలియర్ వాళ్లున్నారు. గంటకి ఇంత అని ఇచ్చి, ఒక్కొక్కరికి పదిమందిని అప్పజెప్పితే వాళ్లకీ ఖర్చులకి వస్తాయి, సబ్జెక్టూ గట్టిపడుతుంది. నూజివీడులో "అన్నా" అని పిలిపించుకున్నవాళ్లు ఇలాంటి వయసు వాళ్లే. వాళ్ల నాణ్యత ఎలా ఉంటుంది, తప్పు చెబితే ఎవరు చూస్తారు అనే ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వారానికోసారి వాళ్లతో కూర్చుంటే చాలావరకు సరిపోతుందనుకుంటున్నాను.

ఇదంతా ఒక పేజీలో రాసి హెచ్‌ఓడీ గారికిచ్చాను. సెకండియర్ రెండు సెక్షన్లు, ఒక్క సబ్జెక్టు, ఒక్క సెమిస్టర్. ఆయనకి నచ్చింది, ప్రిన్సిపాల్ గారికీ నచ్చింది. అకౌంట్స్ సెక్షన్‌లో ఆగింది. సాఫ్ట్‌వేర్ లైసెన్సుకైతే బడ్జెట్‌లో హెడ్ (పద్దు) ఉందట, ఫైనలియర్ విద్యార్థికి గంట లెక్కన డబ్బిస్తే దాన్ని దేని కింద రాయాలో తెలియడం లేదట. "రిమీడియల్ క్లాసెస్" కింద చూపించమని రాసి మళ్లీ పంపాను.